పెనుకొండ దాటేటప్పుడు

హిందూపురంలో ధర్మవరం వైపు రైలెక్కి కూర్చున్నవారికి కొంతసేపటికి పెనుకొండ కొండ కనబడుతుంది. బండరాళ్లను ఎవరో ఓపికగా ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే ఆ కొండనూ, దానిమీది కోటగోడల ఆనవాళ్లనూ నేను కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. నా ఉద్యోగజీవితంలో ఏడేళ్లు ఆ దారిలోనే గడిచాయి. పొద్దున హిందూపురంలో ఎక్కడం, ధర్మవరంలో దిగడం, సాయంత్రం మళ్లీ అదే దారిన తిరిగిరావడం. ఈ మూడూళ్లూ అప్పట్లో అనంతపురం జిల్లావి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లావి. జిల్లా పేరు మారింది. పెనుకొండ పక్కన 2019లో కార్ల కర్మాగారం ప్రారంభమైంది. కొండ మాత్రం అలాగే ఉంది. మొన్న చాలాకాలానికి మళ్లీ ఆ దారిన వెళ్తూ దాన్ని చూసినప్పుడు, ఇరవయ్యేళ్ల కిందట ఆ కొండ ఎదుట నాకు తగిలిన ఒక ప్రశ్న గుర్తుకొచ్చింది. మరచిపోకముందే రాసిపెట్టాలనిపించింది.

ముందే మనవి చేసికొంటాను: నేను పండితుణ్ణి కాను, భక్తుణ్ణని చెప్పికొనే ధైర్యమూ లేదు. మా నాన్నగారు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో గుమాస్తాగా పనిచేసేవారు. గూళ్ల తూకాలు, వేలం కేకలు, రైతుల తగాదాల మధ్య పగలంతా గడిపి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని, గుడ్డి బల్బు కింద పోతన భాగవతం తీసేవారు. అర్థం చెప్పేవారు కారు. పైకి చదివేవారు, అంతే. ఆయన పోయాక నా వాటాకు వచ్చినవి రెండు పుస్తకాలు: అట్ట ఊడిపోయిన ఆ భాగవతం, చొక్కాజేబులో పట్టే ఒక భగవద్గీత. రైల్లో పొద్దుపోవడానికి వాటిని సంచిలో వేసుకొని తిరిగేవాణ్ణి. ఇంట్లో మందుపెట్టెలాగా అవి కూడా ఒకనాడు అవసరపడతాయని అప్పటికి నాకు తెలియదు. మందు చేదుగా కూడా ఉండవచ్చునని అసలే తెలియదు.

ధర్మవరం పట్టుచీరల ఊరని మీకందరికీ తెలుసు. ఆ వీథుల్లో నడుస్తూంటే ఇంటింటా గుంటమగ్గం చప్పుడు వినిపించేది. నేను పనిచేసిన కార్యాలయానికి ఆ చప్పుడుతోనే పని. 2003వ సంవత్సరం. వరసగా కరవు. పెళ్లిళ్లు వాయిదాపడితే చీరలు నిలిచిపోతాయి; చీర నిలిచిపోతే షావుకారు కూలి ఆపుతాడు; కూలి ఆగితే నేతగాడు వడ్డీకి పోతాడు. ఆ వరుస మాకందరికీ కళ్లెదుట కనబడుతూనే ఉంది. ఆ సమయంలో నేతకుటుంబాలకు కొంత సాయం మంజూరైంది. ఊరికి ఇంతమంది అని లెక్క కట్టి ఇచ్చే సాయమది. ఇంట్లో మగ్గం ఉండాలి, అది ఆడుతూ ఉండాలి, అదీ నిబంధన. జాబితా ముందే తయారై వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి, చూసి, సరిగానే ఉందని సంతకం పెట్టవలసినవాణ్ణి నేను.

తిరిగాను. జాబితాలో ఉన్న కొన్ని ఇళ్లలో మగ్గం లేదు, ఎప్పుడూ ఉన్న జాడా లేదు. ఒక ఇంట్లో కిరాణా అంగడి ఉంది. ఒక ఇల్లు ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి తోడల్లుడిది. ఇక జాబితాలో లేని ఇళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి. ఒక సందులో, మొగుడూ కొడుకూ పోయి ఒంటరిగా మిగిలిన ఒక ముసలమ్మ ఆ వయసులోనూ పగలు ఇరుగుపొరుగుకు కండెలు చుడుతూ, సాయంత్రం తన మగ్గంలో తానే దిగి నేస్తోంది. ఆమె పేరు లేదు. లెక్క నిండిపోయిందన్నారు. అంటే అక్కడ చేరిన ప్రతి దొంగపేరూ ఇక్కడ ఒక నిజమైన పేరును బయటికి నెట్టిందన్నమాట. సంతకం పెట్టనన్నాను.

ఇంతవరకు చెబితే నేను గొప్పవాణ్ణిలా కనిపిస్తాను. అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది. మగ్గం లేని ఇళ్లలో మా బావది ఒకటి.

మా అక్కను ధర్మవరమే ఇచ్చాము. బావ మంచి పనివాడు. నేను హిందూపురంలో డిగ్రీ చదివే రోజుల్లో నాన్నగారి దగ్గర డబ్బు లేకపోతే, ఒక సంవత్సరం ఫీజు బావే కట్టాడు. ఒక పెళ్లిచీర నేసిన కూలి అది. ఇరవైరెండేళ్లు మగ్గం తొక్కిన మనిషి, అప్పు తీరక, అంతకు ముందు ఏడాదే మగ్గం అమ్మేసి బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకొన్నాడు. నిబంధన ప్రకారం ఆయన పేరు ఉండకూడదు. ఉంది.

సంతకం పెట్టనన్న వారం లోపల నా చుట్టూ వాతావరణం మారిపోయింది. ఆఫీసులో నా బల్లమీద ఉండవలసిన కాగితాలు కనిపించకుండా పోయేవి. సెలవడిగితే దొరికేది కాదు. మధ్యాహ్నం టీ తెచ్చే కుర్రాడు నా బల్ల దాటి వెళ్లిపోయేవాడు. పై అధికారి మాత్రం మర్యాదస్థుడు. ఆయన బల్లమీది అద్దం కింద గీతోపదేశం పటం ఉండేది. నన్ను కూర్చోబెట్టి, దాన్ని వేలితో చూపించి, ‘‘చేయవలసిన పని చెయ్యడమే మన అధికారం, ఫలితం మనది కాదు. సంతకం మీ పని. ఆ తరవాత ఎవరికి చేరుతుందో దేవుడు చూసుకొంటాడు’’ అన్నాడు. నా సంచిలోనూ అదే గీత ఉంది. నేనూ అదే మాటను తలచుకొనే సంతకం పెట్టకూడదని నిర్ణయించుకొన్నాను. ఒకే శ్లోకం ఆయనకు సంతకం పెట్టమని, నాకు పెట్టవద్దని చెప్పింది. ఆ రోజు అది నాకు వింతగా తోచలేదు, కోపం తెప్పించిందంతే.

కొన్నాళ్లకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. జాబితాలో లేనివాళ్ల దగ్గర నేను డబ్బు తీసుకొన్నానని. దానితో నాకు నిద్ర పోయింది.

అన్నిటికంటె కష్టమైనది ఇంటి వ్యతిరేకత. ఒక ఆదివారం అక్క హిందూపురం వచ్చింది. గడప దాటలేదు. వాకిట్లోనే నిలబడి అడిగింది: ‘‘ఏం రా, నీ సదువుకు ఫీజు కట్టింది ఆ మగ్గమే గదరా. మగ్గం పోయిందని మనిషి గూడా నేసేటోడు కాకుండా పోయినాడా?’’ నా దగ్గర సమాధానం లేదు. నిబంధన అన్నాను. ‘‘నిబంధనకు మీ బావ అన్నం పెట్టలేదు, నీకు పెట్టినాడు’’ అని వెళ్లిపోయింది. నా బుద్ధి మారాలని పెనుకొండ బాబయ్య దర్గాలో చక్కెర చదివిస్తానని మొక్కుకొన్నదట. మా ప్రాంతంలో కులమతాలతో పనిలేకుండా అందరూ మొక్కుకొనే చోటది. దేవుళ్లందరూ ఒక్కసారిగా అవతలిపక్షం చేరినట్లనిపించింది.

ఆ రోజుల్లో రైల్లో కూర్చోగానే భాగవతం తెరిచేవాణ్ణి. సప్తమ స్కంధం, ప్రహ్లాదుడి కథ. మరొకటి చదవబుద్ధయ్యేది కాదు. కొండలమీదనుంచి తోయించినా, ఏనుగులతో తొక్కించినా, పాములచేత కరిపించినా, విషం పెట్టినా చెదరని పిల్లవాడు. కన్నతండ్రే శత్రువు. గురువులు తండ్రి పక్షం. సభంతా తండ్రి పక్షం. ఆ పిల్లవాడిలో నన్ను నేను చూసుకొన్నాను. ఆ సీసపద్యాలు చదువుతూంటే కళ్లలో నీళ్లు తిరిగేవి, గుండె తేలికపడేది. ఓదార్పంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఆ మాట కాదనను.

ఒక చమత్కారమేమిటంటే, నేను రోజూ దిగే ఆ ధర్మవరమే ప్రహ్లాదుణ్ణి తెలుగు రంగస్థలంమీదికి తెచ్చిన మనిషి పుట్టిన ఊరు. ఆంధ్ర నాటక పితామహులని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853-1912) బళ్లారిలో సరసవినోదినీ సభ నడిపి తమ నాటకాలు తామే ఆడించారు. 1932లో వచ్చిన మొట్టమొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం ఆయన నాటకమే. తెలుగు వెండితెరమీద మొదట మాట్లాడినది ఎదిరింపుకు గురైన ఒక పిల్లవాడి కథ అన్నమాట. ఆ సంగతి తలచుకొని నేను లోలోపల పొంగిపోయేవాణ్ణి. నాటకంలో నా వేషం నేనే ఎంచుకొన్నాను. పై అధికారికి హిరణ్యకశిపుడి వేషమిచ్చాను. ఆఫీసులో తక్కినవారికి చండామార్కుల వేషాలు. అక్కకు, బావకు ఏ వేషమివ్వాలో మాత్రం తెలియలేదు. ఆ పేజీలు త్వరగా తిప్పేసేవాణ్ణి.

రాత్రిపూట కూర్చొని ఒక నివేదిక రాశాను. పదకొండు పుటలు. జాబితా గురించి రెండు పుటలుంటే, తక్కిన తొమ్మిదీ మనుషుల గురించి. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవరింట్లో భోంచేశారో, ఆకాశరామన్న చేతిరాత ఎవరిదయి ఉంటుందో. ప్రతి వాక్యం చివరా నా గెలుపు నాకు వినిపించేది.

పెనుకొండలో ఎక్కి ధర్మవరం దాకా వచ్చే ఒక పెద్దాయన ఉండేవారు. తెలుగు పండితులుగా పనిచేసి విరమించినవారు. రైల్లో అందరూ అయ్యవారనే పిలిచేవాళ్లం. నా చేతిలో రోజూ ఒకే స్కంధం ఉండటం ఆయన కనిపెట్టారు. ఒకనాడు అడిగారు. కథంతా చెప్పాను, బావ సంగతి తప్ప. ఆయన విని, కిటికీలోంచి కొండవైపు చూపించి, ‘‘సంకెళ్ల కథ ఈ ఊళ్లోనే జరిగింది, తెలుసునా నాయనా?’’ అన్నారు.

అన్నమయ్య కథ. 1997లో వచ్చిన సినిమాలో చాలామంది చూసే ఉంటారు. ఆయన మనవడు తాళపాక చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించగా 1949లో తిరుమల తిరుపతి దేవస్థానంవారు ప్రకటించారు. అందులో ఉన్నదాని ప్రకారం, సాళువ నరసింహరాయలు పెనుకొండలో ప్రభుత్వం చేస్తున్నప్పుడు అన్నమయ్యను సభకు పిలిపించుకొన్నాడు. చిన్నప్పటినుంచి ఎరిగినవాడు, ఆదరించినవాడు. స్వామిమీద పాడిన శృంగార సంకీర్తన విని మురిసిపోయి, అటువంటిదే తనమీద ఒకటి పాడమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకొన్నాడు. హరిని పొగిడిన నాలుకతో నరుణ్ణి పొగడనన్నాడు. రాయలకు కోపమొచ్చి సంకెళ్లు వేయించాడు. చెరలో ఆయన వేంకటేశ్వరుణ్ణి తలచుకొని పాడితే సంకెళ్లు ఊడిపడ్డాయి. రాయలు నమ్మక మళ్లీ వేయించాడు. మళ్లీ ఊడిపడ్డాయి. అప్పుడు కాళ్లమీద పడ్డాడు.

ఇది నాకు తెలియని కథ కాదు. పెనుకొండ అన్న సంగతే గుర్తులేదు. ఇదీ నా పక్షమే కదా అని సంబరపడి, ‘‘చూశారా అయ్యవారూ, లొంగనివాడికి సంకెళ్లే ఊడిపోతాయి’’ అన్నాను.

అయ్యవారు నవ్వలేదు. ‘‘ఆ సమయంలో పాడాడని చెప్పే పాట నీకు వచ్చునా?’’ అన్నారు. కొంచెం కొంచెం వచ్చునన్నాను. ‘‘అందులో రాయల పేరెక్కడైనా ఉందా? తిట్టుందా? శాపముందా?’’

ఆలోచించాను. లేదు.

‘‘సంకెళ్ల మాట ఉంది, నిజమే. దాని పక్కన ఇంకేముందో చూడు’’ అని వేళ్లు మడిచి ఒక్కొక్కటీ చెప్పుకొచ్చారు. ఆకలివేసిన వేళ. అలసిపోయిన వేళ. ఆపద వచ్చిన వేళ. భయపడిన వేళ. పాపం చేసిన వేళ. చెరలో చిక్కిన వేళ. సంకెళ్లు పడిన వేళ. ఆ తరవాత, అప్పులవాళ్లు అడ్డగించి నిలదీసిన వేళ. ఇన్ని వేళల్లోనూ నామం తప్ప దిక్కు లేదని ఆ పాట చెప్పేది. ‘‘ఆయన తన సంకెల ఒక్కటే పాడుకోలేదు నాయనా. ఊళ్లోవాళ్ల కష్టాలన్నీ దాని పక్కన చేర్చాడు. తన సంకెల వాటిలో ఒకటి. అంతే.’’

ధర్మవరం వచ్చింది. ఆయన దిగి వెళ్లిపోయారు. నేను ప్లాటుఫారంమీద కాసేపు అలాగే నిలబడిపోయాను. అప్పులవాళ్లు నిలదీసిన మనిషి. ఆ మనిషి స్టేషనుకు ఎంతో దూరంలో లేడు, బస్టాండు దగ్గర టీ కాస్తున్నాడు. ఈ గొడవ మొదలయ్యాక నేను ఒక్కసారి కూడా ఆయన అంగడివైపు వెళ్లలేదు. దారి మార్చుకొని ఆఫీసుకు వెళ్తున్నాను. లోకంలో ఉన్న వ్యతిరేకతనంతా ఎదిరించానని అనుకొంటున్నవాణ్ణి, ఒక టీ అంగడిని ఎదుర్కోలేక సందులు తిరుగుతున్నాను.

ఆ రాత్రి సప్తమ స్కంధం మళ్లీ తెరిచాను. ఈసారి నేను ఎప్పుడూ చదవకుండా ఆపేసే చోటు దాటి చదివాను. స్తంభం పగిలాక, హిరణ్యకశిపుడు చచ్చాక, నాకు కథ అయిపోయేది. కథ అక్కడ అయిపోలేదు. నరసింహస్వామి వరం కోరుకోమంటాడు. ప్రహ్లాదుడు ముందు వద్దంటాడు. వరాలకోసం కొలిచేవాడు భక్తుడు కాడు, వర్తకుడు అంటాడు. మళ్లీ అడిగితే, నా మనస్సులో కోరికలే పుట్టకుండా చెయ్యమంటాడు. చివరికి ఒక్కటి అడుగుతాడు. తన తండ్రి చేసిన పాపం పోవాలని. తనను ఏనుగులతో తొక్కించిన తండ్రి. ఇరవయ్యొక్క తరాలవారితో కూడా నీ తండ్రి పవిత్రుడయ్యాడని స్వామి చెబుతాడు.

పుస్తకం మూసి, నా పదకొండు పుటల నివేదిక తీశాను. అందులో ఎవరి పాపమైనా పోవాలన్న మాట ఒక్కటి లేదు. నేను ఆ పిల్లవాడి వేషం వేసుకొన్నాను గాని, ఆయన మాటలు ఒక్కటీ నేర్చుకోలేదు. తోచినచోట మొదలుపెట్టి, నచ్చినచోట ఆపి, నా కోపానికి అతనిచేత పద్యాలు చెప్పించాను. గీతను అద్దం కింద పెట్టుకొన్న అధికారి చేసిందీ అదే. ఆయన అద్దం కింద పెట్టాడు, నేను సంచిలో పెట్టాను. తేడా అంతే.

తరవాతి కాలంలో ఈ విషయం చాలాసార్లు ఆలోచించాను. తిలక్ మాండలే చెరలో గీతారహస్యం రాశారు. వినోబా 1932లో ధూలియా జైల్లో ఆదివారం ఆదివారం తోటి ఖైదీలకు గీత చెబితే సానే గురూజీ రాసుకొన్నారు. గాంధీగారు గీతను తల్లి అన్నారు. ఆయనను చంపినవాడు కూడా 1949లో గీత చేతబట్టుకొనే ఉరికంబమెక్కాడని చదివాను. చేతిలో పుస్తకం ఉన్నంతమాత్రాన మనం దానివైపు ఉన్నామనుకోవడానికి వీల్లేదు. మన పక్షాన అది మాట్లాడుతున్నప్పుడు ఓదార్పు దొరుకుతుంది. మనల్నే నిలదీసినప్పుడు దారి దొరుకుతుంది. మొదటిది లేకపోతే రెండోదాన్ని తట్టుకొనే బలం నాకుండేది కాదు కనుక, ఓదార్పును తక్కువచేసి మాట్లాడను.

హిందూపురంలో ఉన్నవాడికి లేపాక్షి ఎంతో దూరం కాదు. ఆ ఆదివారం సైకిలెక్కి వెళ్లాను. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ సీమలో అధికారిగా ఉన్న విరూపణ్ణ ఆ వీరభద్రాలయం కట్టించాడు. ఆయనమీదా ఒక అపవాదు కథ ఉంది. రాజుగారి ధనం అనుమతి లేకుండా గుడికి ఖర్చుపెట్టాడని ఎవరో చెబితే, కళ్లు తీయించమని రాజు ఆజ్ఞ ఇచ్చాడట. ఆ ఆజ్ఞ అమలయ్యేదాకా ఆగకుండా విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు విసిరికొట్టాడట. గోడమీది ఎర్రటి మరకలు చూపిస్తారు. కల్యాణమంటపం నేటికీ అసంపూర్తిగానే ఉంది. చరిత్ర ఎంతవరకు ఒప్పుతుందో పక్కనపెడితే, చిన్నప్పటినుంచి ఆ మరకలు చూసి నేను రోషానికి మెచ్చుకొనేవాణ్ణి. ఆ రోజు మొదటిసారి మంటపంవైపు చూశాను. అపవాదు వేసినవాడికి ఏమయిందో కథలో లేదు. కళ్లు పోయింది మాత్రం గుడి కట్టినవాడికి. ఆకాశరామన్న ఉత్తరం వచ్చిన నాటినుంచి నేను చేస్తున్నదీ ఆ పనే.

మరునాడు బావ అంగడికి వెళ్లాను. టీ ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. చివరికి నేనే అన్నాను, ‘‘బావా, నీ పేరు నేను రాయలేను.’’ ఆయన గ్లాసులు కడుగుతూనే, ‘‘రాయించింది నేను గాదప్పా, మీ అక్క. నువ్వు పేరు తీసేదానికి కాదు నాకు బాధ. ఈ దావన రాకుండా పోయినావే, దానికి’’ అన్నాడు. నేను క్షమాపణ అడిగాను. అంతకంటె చెయ్యగలిగిందేమీ లేదు.

తిరుగు ప్రయాణంలో, పెనుకొండ దాటేటప్పుడు, పదకొండు పుటలూ చించేశాను. కొత్త నివేదిక ఒకటిన్నర పుట. పేరు, ఇల్లు, నేను చూసింది. ‘మగ్గం లేదు’, ‘నేత వృత్తిలో లేరు’, ‘మగ్గం ఉంది, జాబితాలో లేరు’. విశేషణాలు లేవు. బావ పేరు ఎదుట ‘మగ్గం లేదు’ అని రాసి, ఇరవైరెండేళ్లు నేసిన మనిషి అప్పులకు మగ్గం అమ్ముకొన్నాడనీ, ఇటువంటివారికి మగ్గం పెట్టుకొనేందుకు వేరే సాయం ఏదైనా ఉంటే పరిశీలించాలనీ చేర్చాను. చుట్టరికం కూడా రాశాను. సంతకం పెట్టాను.

సంకెళ్లు ఊడిపడ్డాయని చెప్పాలని నాకూ ఉంది. ఊడిపడలేదు. జాబితా వేరొకరి సంతకంతో వెళ్లిపోయింది. నేను అభ్యంతరం చెప్పిన పేర్లన్నీ అలాగే ఉండి, ఒక్క పేరు మాత్రం తీసేశారు. మా బావది. చుట్టమని నేనే రాశాను కదా, నాకు బుద్ధిచెప్పడానికి అదే పనికొచ్చింది. మూడు నెలల్లో నన్ను జిల్లా రెండో చివరకు బదిలీ చేశారు. అక్క రెండేళ్లపాటు మా ఇంటికి రాలేదు. కండెలు చుట్టే ముసలమ్మ పేరు ఆ మరుసటి ఏడాది జాబితాలో చేరింది. నా కాగితంవల్లనో, మరొకరి దయవల్లనో నాకు తెలియదు. చేరింది, అది చాలు.

మరి నేను చేసింది సరైనదేనా? గీత చివరి అధ్యాయంలో, అంత ఉపదేశమూ చేసిన తరవాత, ఇదంతా బాగా ఆలోచించి నీ ఇష్టం వచ్చినట్లు చెయ్యి అంటాడు కృష్ణుడు. యుద్ధం చెయ్యమని మొదటినుంచి చెబుతున్నవాడు చివరికి నిర్ణయాన్ని అర్జునుడి చేతిలో పెడతాడు. మొదట్లో నాకది నిరాశగా ఉండేది. అన్నీ చెప్పినవాడు ఆ ఒక్కటీ తేల్చిచెప్పవచ్చు కదా అనిపించేది. ఇప్పుడనిపిస్తుంది, ఏ గ్రంథమూ మన బదులు సంతకం పెట్టదు. పెట్టేముందు చెయ్యి వణకకుండా చూస్తుంది. ఎవరిమీద కోపంతో పెడుతున్నావో ఒకసారి చూసుకోమంటుంది. ఆపైన అప్పులవాడు నిలదీసిన మనిషి దగ్గరికి వెళ్లవలసింది మనమే.

బదిలీ అయిన ఏడాదే, నేనూ మా ఆవిడా కొంత డబ్బు సర్దుబాటు చేసి బావ దగ్గరికి తీసుకెళ్లాము. ఊరికే అయితే తీసుకోనన్నాడు. అప్పుగా తీసుకొన్నాడు. పాత మగ్గం ఒకటి కొని గుంటలో దించాడు. నాలుగేళ్లలో పైసాతో సహా తీర్చాడు. పదేళ్ల తరవాత మా అమ్మాయి పెళ్లికి చీర ఆయనే నేశాడు. మామిడిపిందెల జరీ అంచు. అక్క ఆ చీర తెచ్చి, మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చి, మడత విప్పి నా చేతిలో పెట్టింది. ‘‘బాగుందక్కా’’ అన్నాను. ‘‘చీర బాగుందిలే. ఆ పొద్దు నువ్వు చేసిందానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను’’ అంది. ఒప్పుకోనక్కర్లేదన్నాను. ఇద్దరం నవ్వాము. దర్గాలో మొక్కు సంగతి అడిగితే, ఎప్పుడో తీర్చేశానంది. నా బుద్ధి ఎటు మారిందని తీర్చిందో నేను అడగలేదు.

మొన్నటి ప్రయాణంలో రైలు పెనుకొండలో ఆగింది. అయ్యవారు ఎక్కే పెట్టెలోనే కూర్చున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఎదురుసీటులో ఒక కుర్రాడు ఫోనులో ఎవరితోనో గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. వాళ్లందరూ ఒక్కటయ్యారు, తాను మాత్రం తగ్గేది లేదు, చూపిస్తాడు. ఏం గొడవో తెలియదు. న్యాయం అతని వైపే ఉండి ఉండవచ్చు. అతణ్ణి ఒక ప్రశ్న అడగాలనిపించింది గాని, అడిగేంత పెద్దరికం నాకింకా రాలేదనిపించి ఊరుకొన్నాను. రైలు కదిలింది. సంచిలోంచి భాగవతం తీసి, ఈసారి స్తంభం పగిలిన తరవాతి పుటనుంచి చదవడం మొదలుపెట్టాను.